సాక్ష్యంలో చెప్పని మాత్రలు

ఇంతవరకు నడిపించిన ప్రభువుకు స్తోత్రం. ఆయన కంటికి మరుగైనది ఏదీ లేదు.

కొల్లేరు చేపల చెరువులో దిగినప్పుడు మావారి కాలికి ముల్లు గుచ్చుకుంది. ఆ పుండు ఏలూరు ఆసుపత్రిలో చేర్చినా మానలేదు. కాలు తీసేయాల్సి రావచ్చన్నారు. ఆ రోజు మళ్ళీ ఏలూరు వెళ్ళడానికి తాడేపల్లిగూడెంలో రైలెక్కి, ఆసుపత్రి కాగితాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

ఎదుటి సీటులోని కళ్ళద్దాలావిడ "చూడొచ్చాండీ?" అని అడిగింది. మందులకు లొంగని క్రిముల వివరాలు ఊరూరి నుంచి తెప్పించి, ఒక్కొక్కటీ సరిచూసి, డాక్టర్ల కోసం కంప్యూటరులో ఒకచోట చేర్చడం ఆవిడ ఉద్యోగమట.

‘ఇంతకు ముందు మందులు వాడారా’ అన్నచోట నేను రాసిన ‘లేదు’ మీద ఆవిడ వేలు ఆగింది.

"ఇది నిజమేనాండీ? ఈ క్రిమికి మందులు అలవాటైనట్టున్నాయి. మీరు లేదంటే మేమూ లేదనే ఎక్కిస్తాం. ఇంకో ఊళ్ళో డాక్టరు గారు అదే నమ్ముతారు."

ముల్లు గుచ్చుకున్నాక మావారికి జ్వరం వస్తే, షాపులో కొన్న మాత్రలు మూడు రోజులు వేశాను. జ్వరం తగ్గగానే ఆపేసి, మందు లేకుండానే ప్రభువు బాగుచేశాడని సంఘంలో సాక్ష్యం చెప్పాను. ఆ మాట నిలుపుకోవడానికే ఆసుపత్రిలో అబద్ధం రాశాను. అదంతా ఆవిడకు చెప్పేశాను.

"దేవుడు చేసేదానికి మన అబద్ధం సాయం కావాలాండీ?" అంటూ పెన్ను చేతికిచ్చింది. భీమడోలు దాటేలోగా ‘లేదు’ కొట్టేసి, మాత్రల పేరు రాశాను.

ఆ కాగితం చూసి డాక్టరు గారు మందు మార్చారు. కాలు దక్కుతుందో లేదో ఇంకా చెప్పలేమన్నారు. ఈ ఆదివారం సంఘం ముందు నిలబడి నా సాక్ష్యం దిద్దుకోవాలి. భయంగా ఉంది. మావారి కాలి కోసం, నా నోటి కోసం మీరూ నాతో మోకరించండి.