వేలెడంత ఉక్కు

డెబ్బైల్లో పటాన్‌చెరు చుట్టూ ఫ్యాక్టరీలు ఒక్కొక్కటే లేస్తున్నప్పుడు నాకొక పికప్ బండి ఉండేది. మిలిటరీ వాళ్ళు వేలం వేసిన పాత జీపుకు వెనక చెక్క తొట్టి కట్టించి, దానికి పికప్ అని నేనే పేరు పెట్టుకున్నాను. ఆ తొట్టిలో మోసింది తేజాబు, అంటే యాసిడ్. పెద్ద పెద్ద గాజు జాడీల్లో పోసి, గడ్డి కుక్కిన వెదురు బుట్టల్లో దించి, పటాన్‌చెరు నుంచి సంగారెడ్డికి పంపేవారు. ఎంత తాడు బిగించినా కుదుపుకు బుట్టలు కదులుతాయి. అందుకని వెనక ఒక మనిషి కూర్చోవాలి. చేతులతో రెండు బుట్టలు, కాళ్ళతో రెండు బుట్టలు ఆపుకుంటూ, పక్కన నీళ్ళ డ్రమ్ము పెట్టుకుని కూర్చోవాలి. అన్ని బండ్లలోనూ అదే పద్ధతి. నా బండిలో అలా కూర్చునేది మా బావ, అంటే మా అక్క భర్త.

అక్కకు ఆ పని మొదటి నుంచీ గిట్టేది కాదు. వేరే బండిలో అలాగే కూర్చున్న ఒకతనికి జాడీ పగిలి కన్ను పోయింది. ఆ సంగతి విన్నప్పటి నుంచి, నేను ఇంట్లో అడుగు పెడితే చాలు, మంచినీళ్ళకన్నా ముందు బండి ఎలా ఉందని అడిగేది. ఒకసారి నా చెయ్యి పట్టుకుని అంది: "తమ్మీ, ఆయన కండ్లు నీ చేతుల పెడ్తున్న. బండి మంచిగ సూసుకో." అట్లాగే చూసుకుంటానన్నాను. మాట ఇవ్వడం నాకెప్పుడూ కష్టం కాలేదు.

ఒక బుధవారం ఖాళీ బండితో వస్తుంటే ఎడమ వైపు వెనక కమాన్ విరిగింది. కమాన్ అంటే బండి బరువును మోసే ఉక్కు పట్టీల కట్ట. అన్నిటికన్నా పొడుగ్గా ఒక పెద్ద పట్టీ, దాని కింద ఒకదానికన్నా ఒకటి కురచగా మిగతావి. విరిగింది ఆ పెద్ద పట్టీ. బండి ఒక పక్కకు ఒరిగి, కుంటుకుంటూ పటాన్‌చెరు చేరింది. మర్నాడు పొద్దున్నే సరుకు ఎత్తాలి. నేను పోకపోతే ఆ పనికి కాచుకుని ఉన్న బండ్లు ఇంకో రెండు ఉన్నాయి, రెండిళ్ళు బతికేది ఆ ఒక్క పని మీదే. ఇవన్నీ ఇప్పుడు చెప్పుకుంటున్న సాకులని నాకు తెలుసు. అయినా ఆ రోజు అవి నిజంగానే నా నెత్తి మీద కూర్చున్నాయి.

బొంబాయి రోడ్డు పక్కన ఒక ముసలి మిస్త్రీ కమాన్ల పనే చేసేవాడు. అందరూ చాచా అనేవాళ్ళం. గోడకు ఆనించి పాత పట్టీలు వరసగా నిలబెట్టి ఉండేవి. ఆయనకొక పట్టింపు ఉంది. పట్టీ ఏదో తను చెప్పడు. ఒక్కొక్కదాన్ని తీగకు వేలాడదీసి సుత్తితో ఒక్క దెబ్బ కొట్టి వినిపిస్తాడు. ఏరుకోవాల్సింది మనం. ఎంత బతిమాలినా అదే మాట: "బండి ఎక్కెటోళ్ళు ఏరుకోవాలె. నేను బిగించెటోన్ని."

నా బండికి సరిపోయేవి రెండే దొరికాయి. ఒకటి నల్ల రంగు పూసి నిగనిగలాడుతోంది, వంపు కూడా నా కమాన్‌కు కొలిచినట్టు సరిపోయింది, గంటలో బిగించవచ్చు. రెండోది తుప్పు పట్టి ఎర్రగా ఉంది. దాని వంపు తక్కువ. చల్లటి ఉక్కునే సుత్తితో కొట్టి కొట్టి వంపు తేవాలి, సగం దినం పని. అప్పటికే పొద్దు వాలింది, అంటే ఆ పని మర్నాటికి పోతుంది. చాచా రెండూ వేలాడదీసి కొట్టాడు. తుప్పుది ఖంగుమని మోగి చాలాసేపు సాగింది. నల్లది టక్కుమని ఆగిపోయింది.

నేను నల్లదాని మీద చెయ్యి వేశాను. బావ నెమ్మదిగా నా పక్కకు వచ్చాడు.

బావ సంగతి కొంచెం చెప్పాలి. మా ఊళ్ళో మా క్రైస్తవ సంఘానికి చిన్న గుడి ఉండేది, గంట కొనే స్తోమత లేదు. వేపచెట్టుకు రైలు పట్టా ముక్క ఒకటి వేలాడదీసి దాన్నే కొట్టేవారు. ఆదివారం దాన్ని మోగించే పని బావది. ఒక ఏడాది ఆ ముక్కలో పగులు వచ్చిందని అందరికన్నా ముందు చెప్పింది ఆయనే. ఎవరూ నమ్మలేదు. తర్వాత కొన్ని వారాలకు అది ఆరాధన మధ్యలో విరిగి కింద పడింది.

"ఇది ఒద్దు," అన్నాడు బావ. "సప్పుడు మధ్యల తెగుతున్నది."

రంగు పూస్తే చప్పుడు తగ్గదా అన్నాను. తగ్గుతుంది గానీ ఇలా తెగదన్నాడు. నాకు కోపం ముక్కు మీదే ఉండేది ఆ రోజుల్లో, పైగా నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. ఇది గుడి గంట కాదు, బండి పట్టీ అని చాచా ముందే ఎగతాళి చేశాను. కావాలంటే ఆదివారం తుప్పుదాన్ని తీసుకుపోయి వేపచెట్టుకు కట్టుకొమ్మన్నాను. బావ నవ్వలేదు, కోపగించుకోలేదు. చాచా మా ఇద్దరినీ చూసి, నల్లదాన్ని తీగ నుంచి విప్పాడు. పైన పటారం లోన లొటారం అనే సామెత చిన్నప్పటి నుంచి విన్నవాడినే, ఆ గంటలో ఒక్కసారి కూడా గుర్తు రాలేదు.

మర్నాడు పొద్దున ఫ్యాక్టరీలో పన్నెండు జాడీలు ఎక్కించారు. బావ వెనక చక్రం దగ్గర వంగి పట్టీని ఒకసారి చూశాడు. తువ్వాలు తలకు చుట్టుకుని, ఏమీ అనకుండా ఎక్కి బుట్టల మధ్య కూర్చున్నాడు. ఏదైనా అని ఉంటే నేనూ నాలుగు మాటలు అని తేలికపడేవాడిని. ఆ అవకాశం ఇవ్వలేదు.

ఆ బండికి డ్రైవరు వెనక అద్దం లేదు, ఇనుప జాలీ ఉండేది. దాంట్లోంచి బావ భుజం, తువ్వాలు అంచు కనపడేవి. పటాన్‌చెరు దాటే వరకు బండి బాగానే నడిచింది. నేనే గెలిచానని లోపల చంకలు గుద్దుకున్నాను కూడా. తర్వాత ఒక గుంతలో ఎడమ చక్రం దిగింది. కిర్రుమంది. కొత్త పట్టీ సర్దుకుంటోందనుకున్నాను. ఇంకో గుంత వచ్చింది. మళ్ళీ కిర్రుమంది, ఈసారి ఇంకొంచెం పొడుగ్గా. వేగం తగ్గించాను. తగ్గిస్తే ఆ చప్పుడు ఇంకా స్పష్టంగా వినపడింది. జాలీలోంచి చూస్తే తువ్వాలు అంచు కదలడం లేదు. ఆయన కూడా వింటున్నాడని తెలిసింది. ఎదురుగా లారీ వచ్చినప్పుడు రోడ్డు దిగి మట్టిలోకి పోవాలి, మట్టిలోకి దిగితే బండి ఒరుగుతుంది. రెండు లారీలకు అలా దిగాను. రెండోసారి వెనక గాజు గాజుకు తగిలిన చప్పుడు చిన్నగా వినపడింది. అక్క చెయ్యి నా చేతి మీద ఉన్నట్టే అనిపించింది.

ముత్తంగి దాటాక ఒక చింతచెట్టు కింద బండి ఆపేశాను. దిగి వెనక్కి పోయాను. బావ రెండు బుట్టలను ఇంకా అలాగే కావలించుకుని ఉన్నాడు. కాళ్ళతో ఇంకో రెండింటిని అదిమి పట్టాడు. అది చూడగానే భయం కోపమై బయటికి వచ్చింది, ఎప్పుడూ నాకు అంతే. పట్టీ మంచిది కాదని తెలిసీ ఎందుకు ఎక్కావని ఆయన మీదే అరిచాను.

బావ బుట్టలను ఒక్కొక్కటిగా వదిలాడు.

"నేను కూసోకుంటె ఇంకొకన్ని కూసోవెడ్తవ్," అన్నాడు. "వానికి సప్పుడు గూడ తెల్వది."

అలాగే చేసి ఉండేవాడినని నాకు తెలుసు. ఎద్దు పుండు కాకికి నొప్పా అంటారు. ఆ క్షణంలో ఆ కాకిని నేనేనని అర్థమై, సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోయింది.

జాడీలు ఒక్కొక్కటే ఇద్దరం పట్టుకుని దించి, చెట్టు నీడలో పెట్టాం. బావ కాపలా ఉన్నాడు. నేను ఖాళీ బండిని మనిషి నడిచేంత నెమ్మదిగా వెనక్కి తీసుకుపోయాను.

చాచా కట్ట విప్పి నల్ల పట్టీని బయటకు తీశాడు. మధ్యలో, మిగతా పట్టీలు కప్పిన చోట, రంగు వెంట్రుకంత చీలి ఉంది. దాన్ని రాయి మీద పెట్టి సుత్తితో ఒక్కటి వేశాడు. గట్టి దెబ్బ కూడా కాదు. రెండు ముక్కలయింది. విరిగిన చోట నా వేళ్ళు ఆనించి కొలిచాడు. మూడు వేళ్ళ వెడల్పు నల్లగా, తుప్పు పట్టి ఉంది. అది పాత పగులు, ఎవరో రంగుతో మూసేశారు. మిగిలిన ఒక్క వేలి వెడల్పు మాత్రం కొత్తగా, వెండిలా మెరుస్తోంది. పన్నెండు జాడీల తేజాబు, మా బావ, ఆ ఒక్క వేలెడు ఉక్కు మీద కూర్చుని ముత్తంగి దాటారు.

చాచా తుప్పు పట్టీని తీగకు కట్టి, సుత్తి నా చేతికిచ్చాడు. కొట్టాను. మోగింది. పూర్తిగా ఆగేదాకా విన్నాను, అంత ఓపిగ్గా నేనెప్పుడూ దేన్నీ వినలేదు. వంపు తేవడానికి నిజంగానే సగం దినం పట్టింది. ఈసారి నేను తొందర పెట్టలేదు.

నేను తిరిగి వెళ్ళేసరికి ఎండ చల్లబడింది. బావ జాడీల పక్కనే కూర్చుని ఉన్నాడు, బుట్టల మీద నీళ్ళు చల్లిన తడి ఇంకా ఆరలేదు. విరిగిన ముక్క చూపించాను. మెరుస్తున్న చోట బొటనవేలితో తడిమి, నా చేతికి తిరిగి ఇచ్చాడు. మళ్ళీ ఎక్కించుకుని సంగారెడ్డిలో సరుకు దించాం. దారి పొడుగునా కిర్రుమనలేదు.

దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరాం. అక్క మా మొహాలు చూసి ఏదో జరిగిందని పట్టేసింది. కంచాల్లో అన్నం పెడుతూ, కమాన్ విరిగిందట గదా, మంచి పట్టీ చూసి వేశావా అని నన్నడిగింది. ఆ ముక్క బండి సీటు కింద ఉంది. తెచ్చి ఆమె ముందు పెట్టాలనుకున్నాను, నోరు కూడా తెరిచాను.

"రెండు పట్టీలు సూపెట్టిండు," అన్నాడు బావ, అన్నం కలుపుతూ. "మీ తమ్ముడే కొట్టి, విని, మంచిది ఏరిండు. ఇగ నీకు రందెందుకు."

అక్క కళ్ళు తుడుచుకుంది. తన తమ్ముడు మాట నిలబెట్టుకున్నాడని చెప్పి, కూర గిన్నె అడుగున బావ కోసం దాచిన ముక్కలు నా కంచంలో వేసింది. బావ నా వైపు చూడలేదు. నేను తల వంచుకుని ఆ ముక్కలు తిన్నాను.