కొంగున కట్టుకున్న తాళంచెవి

మా పక్కింటి పెద్దమ్మ పోయింది. కడపలో మా వీధికి ఈ వార్త అప్పుడే పాతబడింది. నాకు మాత్రం పొద్దున లేవగానే మళ్లీ కొత్తగా తగులుతోంది.

ఆకలి లేకపోయినా తినేదాన్ని నేను. చెన్నపట్నంలో చదువుకుని, ఆడపిల్లల బడిలో పాఠాలు చెప్పే నేను, కరువు ఏడాది గంజి కేంద్రం ముందు జనం ముంతలతో నిలబడి ఉంటే, తలుపు గడియ వేసుకుని బెల్లం, చెనిక్కాయలు కడుపు నొచ్చేదాకా తింటూ ఏడ్చేదాన్ని. డాక్టరుకు చెబితే నవ్వేశారు. మా ఆయన "నోరు కట్టుకోలేవా?" అన్నారు. కట్టుకోగలిగితే ఏడుపెందుకు?

ఒకనాడు పెరట్లో దాక్కుని తింటుంటే, గోడ మీదుగా పెద్దమ్మ నన్ను చూసింది.

"నేనూ అంతే పాపా. మా ఇంటాయప్ప పోయినాక నెయ్యి కుండ ఒగ పూటలో నాకేసినా. ఈ పీడ నీకొక్కదానికే ఉండాదనుకున్యావా?"

అప్పటినుంచి శుక్రవారాలు, ఎదురింటి దర్జీ నమాజుకు వెళ్లే వేళకు, అతని భార్యా నేనూ పెద్దమ్మ పడసాలలో చేరేవాళ్లం. వచ్చినవాళ్లకు ఏదో ఒకటి పెట్టకుండా పంపని ఊరు మాది. ఆ పూట ఆ ఇంట్లో మంచినీళ్లే. ఎవరు తిన్నది వాళ్లే చెప్పాలి. విన్నవాళ్లు తిట్టకూడదు, మందు చెప్పకూడదు.

"పండక్కని దాచిన సేమియా అంతా తిన్యా," అని దర్జీ భార్య వెక్కితే, పెద్దమ్మ "చెప్పేస్తివి గదా. ఈ పొద్దుకు నిలబడు," అనేది.

"రేపు నిలబడలేకపోతే?" అనేదాన్ని నేను.

"సదువుకున్నోళ్లకు రేపటి దిగులు శానా!"

కొన్ని శుక్రవారాలు ఆమే తల వంచుకుని, "నేనూ పడితి పాపా, వినండి," అనేది.

మా ఇంట్లో సరుకులుండే ఉగ్రాణం తాళంచెవి ఆమె కొంగున ఉండేది. పొద్దున్నే తనే వచ్చి, ఆ పూట వంటకు కావలసినంత తీయించి, మళ్లీ తాళం వేసుకుని పోయేది. అది మందో, నన్ను నేను మభ్యపెట్టుకోవడమో ఇప్పటికీ తెలియదు. ఆమె కొంగు కనపడితే మాత్రం ఊపిరాడేది.

దినాల నాడు ఆమె కోడలు తాళంచెవి నా అరచేతిలో పెట్టింది. "మీదంట గదక్కా. అత్త కొంగున ఉన్న్యాది." అదే చేత్తో ఓళిగ వడ్డించబోయింది. పోయినవాళ్ల పేరున పెట్టే తీపి కాదనకూడదంటారు. ఒక్కదానితో నేను ఆగను. విస్తరికి చేయి అడ్డం పెట్టాను.

"పంతులమ్మకు టెక్కు సూడు!" అన్నారెవరో పంక్తిలో.

లేచి ఎదురింటికి వెళ్లి, దర్జీ భార్య చేతిలో తాళంచెవి పెట్టాను.

"నన్ను నమ్మొద్దక్కా," అంది భయంగా. "నేనే దినామూ పడ్తాండా."

"నేనూ అంతే."

ఆమె కొంగున ముడి వేసింది. ముడి జారింది. తాళంచెవి బండల మీద ఖంగుమని పడింది. వంగి తీసి, మళ్లీ కట్టుకోసాగింది.