వేలిముద్రలు మింగిన గిటారు

ఎలక్ట్రిక్ గిటారు నేర్చుకుని కొందరు పేరు తెచ్చుకుంటారు. కొందరు ఇరుగుపొరుగు చేత తిట్లు తెచ్చుకుంటారు. నేను మాత్రం ఒక్క పాట కూడా రాకముందే మా ఇంటికి ఆ నెల రేషన్ బియ్యం రాకుండా చేశాను. గిటారుకీ బియ్యానికీ సంబంధమేమిటని మీరు అడగొచ్చు. ఆ రోజు దాకా నాకూ తెలీదు.

కువైట్‌లో మా బాబాయి డ్రైవరు. ఆయన పనిచేసే ఇంట్లో కుర్రాడు విసుగొచ్చి వదిలేసిన గిటారుని నాకోసం మా ఊరు పలివెల దాకా మోసుకొచ్చాడు. దానికి జతగా ఉండాల్సిన ఆంప్లిఫయరు మాత్రం, పిన్ని చెప్పిన పాలపొడి డబ్బాలకి చోటు చాలక, అక్కడే ఆగిపోయింది. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను: ఆంప్లిఫయరు లేని ఎలక్ట్రిక్ గిటారంటే పొయ్యి లేని కుక్కరు. ఎంత ఊపినా విజిల్ రాదు.

"అది మోగదేట్రా?" అంది నాన్నమ్మ.

"కరెంటు పెట్టాలి నాన్నమ్మా."

"మరి పెట్టు."

"దానికో పెట్టె కావాలి. అది రాలేదు."

"అయితే పొద్దుట్నుంచీ ఏం చేత్తన్నావు?"

"ప్రాక్టీసు."

నాన్నమ్మ కాస్త ఆలోచించింది. "పోన్లే, ఎవరికీ ఇబ్బంది లేదు."

నా సంగీతం మీద ఇప్పటివరకూ వచ్చిన అభిప్రాయాల్లో ఇదే మెరుగైనది.

మోగనిదాన్ని మోగించాలంటే గట్టిగా నొక్కాలనుకున్నాను. కోపంతో ఎవరి పీకో నొక్కుతున్నవాడిలా తీగలు నొక్కాను. ఎడమచేతి వేళ్ళు బొబ్బలెక్కాయి. తీగలు మీటే ప్లాస్టిక్ బిళ్ళ రెండోరోజే పోయింది కాబట్టి కుడిచేత్తో గీరాను. ఆ వేళ్ళూ బొబ్బలెక్కాయి. అప్పుడు ఫోనులో పాఠాలు చెప్పే జులపాల గురువుగారు ఓ చిట్కా చెప్పాడు. "వేళ్ళు నొప్పెడుతుంటే కొంతమంది క్విక్ గమ్ రాసుకుంటారు," అన్నాడు. ఆ తరవాతి వాక్యం నేను వినలేదు, అప్పటికే కిరాణా కొట్లో ఉన్నాను. చాలా రోజులయ్యాక విన్నాను. "మీరు మాత్రం ఆ పని చేయకండి," అన్నాడు.

ఎడమచేతికి రాశాను. కుడిచేతికి అన్యాయం జరక్కూడదని దానికీ రాశాను. బొటనవేళ్ళు చిన్నబుచ్చుకుంటాయని వాటికీ రాశాను. ఓ గంటసేపు నేనూ గిటారూ విడదీయరాని బంధంలో ఉన్నాం.

ఇక్కడ మీకో కుటుంబ రహస్యం చెప్పాలి. మా నాన్న రాశుల దగ్గర, అంటే కాయలు గుట్టపోసే చోట, కొబ్బరికాయలు వలుస్తాడు. నేలలో పాతిన గునపం మీద కాయ గుచ్చి, పీచు విడదీసే పని. ఆ పనిలో ఆయన వేలిముద్రలు ఎప్పుడో అరిగిపోయాయి. అమ్మవి అంట్లు తోమి పోయాయి. నాన్నమ్మవి వయసుతో పోయాయి. రేషన్ మిషను గుర్తుపట్టే వేళ్ళు మా ఇంట్లో నావొక్కటే. ఎందుకంటే ఏ పనీ చేయని వేళ్ళు నావొక్కటే. ప్రతినెలా నా చూపుడు వేలు వెళ్ళి బియ్యం తెచ్చేది. డిగ్రీ అయ్యి ఖాళీగా ఉన్న నన్ను, ఆ ఒక్క వేలి కోసం ఇంటిల్లిపాదీ భరించేవాళ్ళు.

రేషన్ ఇచ్చే ఆఖరి రోజు నాన్నా నేనూ సంచులతో వెళ్ళాం. డీలరు సత్యవతిగారు మిషను ముందుకి జరిపింది.

"పెట్టండి బాబూ."

పెట్టాను. ఎర్రలైటు.

"తుడిచి పెట్టండి." ఎర్రలైటు. "ఇంకో వేలు పెట్టండి." ఎర్రలైటు. పది వేళ్ళూ అయిపోయాయి. కాళ్ళవి అడగలేదు, అంతే.

సత్యవతిగారు నా చెయ్యి లాగి చూసి గుండెల మీద చెయ్యి వేసుకుంది. "ఏంటండీ ఈ చేతులు! గచ్చులాగ గట్టిపడిపోయేయి. ఏం పని చేత్తన్నారండీ?"

నేను నోరు తెరిచేలోపు లైన్లో మా వెనకున్న మంగతాయారత్తయ్య అందుకుంది. "ఇంకేం పనండీ, వలుపే! మా శ్రీనుగాడి చేతులూ మొదట్లో ఇలాగే అయ్యేయి. ఏరా, నాన్నకి చెప్పకుండా అవతల రాశిలో కాయలు వలుత్తన్నావు కదూ?"

నాన్న నావైపు చూశాడు. నేను పుట్టినప్పట్నుంచీ ఆ చూపు కోసం ఎదురుచూస్తున్నాను. పదో తరగతి పాసైనప్పుడు కూడా అది నా మీద పడలేదు.

"నిజవేట్రా?"

"ఆయ్," అన్నాను, అవునన్నట్టు తలూపి.

నా జీవితంలో ఇంత చిన్న మాటకి ఇంత పెద్ద ఖరీదు ఎప్పుడూ కట్టలేదు.

"నాతో ఒక్క మాట చెప్పొద్దేట్రా!" అని నాన్న నా భుజం తట్టాడు. లైన్లో ఉన్నవాళ్ళంతా నావైపు పెళ్ళికొడుకుని చూసినట్టు చూశారు. "బంగారంలాంటి కుర్రాడండీ," అన్నారెవరో. నేను తల వంచుకున్నాను. వినయం అనుకున్నారు.

"కన్ను చూసే మిషను రిపేరుకెళ్ళిందండి," అంది సత్యవతిగారు ఇబ్బందిగా. "ఈ నెలకి రావండి మీకు."

"పోతే పోన్లెండి! బియ్యం కొట్లో కొనుక్కుంటాం. కొడుకు ప్రయోజకుడయ్యేడు, అది చాలదేంటండీ," అన్నాడు నాన్న, ఖాళీ సంచులు జెండాల్లా భుజాన వేసుకుని.

రాత్రి అన్నాల దగ్గర నాన్నమ్మ నా వేళ్ళు వాసన చూసింది. "నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?" అంది నెమ్మదిగా.

"ఓసారి నాన్న మొహం చూసి అప్పుడు చెప్పు," అన్నాను.

నాన్న అమ్మకి ఆ కథ మూడోసారి చెబుతున్నాడు. మంగతాయారత్తయ్య గొంతు అనుకరిస్తున్నాడు కూడా. నాన్నమ్మ చూసింది. మజ్జిగ కలుపుకుంది.

"ఒరే," అన్నాడు నాన్న చెయ్యి కడుక్కుంటూ, "ఇంకా పరాయి రాశి దేనికి? రేపట్నుంచి నాతో వచ్చేయ్. నా నడుం కూడా పట్టేసింది."

మర్నాడు తెల్లారకముందే గునపం ముందు నిలబడ్డాను. మొదటి కాయ వలవడానికి నాకు పట్టిన సమయంలో పక్కనున్నవాళ్ళు చిన్న గుట్ట వలిచి, టీ తాగి, నన్ను చూడ్డానికి తీరిగ్గా కూర్చున్నారు. కాయ పీచు అలాగే ఉంది. నా చొక్కా పీచు మాత్రం ఊడింది.

"ఎక్కడ నేర్చుకున్నావురా ఈ పద్ధతి?" అన్నాడు నాన్న.

"అవతల రాశిలో."

"పాపం, వాళ్ళింకా యాపారం చేత్తన్నారా?"

ఆ నెలంతా వలిచాను. నాన్న నడుం నొప్పి తగ్గలేదు. నీడలో దుప్పటి పరుచుకుని సలహాలిచ్చేవాడు. గమ్ము మొదటి వారమే ఊడిపోయింది, దాని వెనకే వేలిముద్రలూ పోయాయి. ఈసారి నిజంగానే.

మళ్ళీ రేషన్ రోజు వచ్చింది. నా వేలికి ఎర్రలైటు. ఈ నెలా బియ్యం లేవన్నమాట అనుకుని సంచి మడుస్తుంటే, సత్యవతిగారు మాటవరసకి, "మీరోసారి పెట్టండి," అంది నాన్నతో.

నాన్న పెట్టాడు. పచ్చలైటు వెలిగింది!

"పట్టేసిందండీ! ఎన్నేళ్ళకో పట్టింది!" అని అరిచింది సత్యవతిగారు.

"నెల్రోజులు రెస్టండి మరి," అన్నాడు నాన్న, సాయంకాలపు ఎండలో వేలు అటూ ఇటూ తిప్పి మురిపెంగా చూసుకుంటూ.

దారిలో బియ్యం మూట నా నెత్తిన ఉంది. నాన్న చేతులు ఊపుకుంటూ నడుస్తున్నాడు.

"ఒరే, ఆ గిటారు పెట్టె ఎంతుంటాది?"

మూట జారబోయింది. "ఏ పెట్టె?"

"అదుంటే కానీ మోగదంట కదా. మీ నాన్నమ్మ చెప్పింది."

"ఎప్పుడు చెప్పింది?"

"రేషన్ రానినాడు. నువ్వు మజ్జిగ తాగి పడుకున్నావే, అప్పుడు. గమ్ము సంగతి కూడా చెప్పింది."

"తెలిసీ నెలంతా వలిపించేవా?"

"నువ్వే కదరా ఆయ్ అన్నావు," అన్నాడు నాన్న. "ఊరంతా విన్నారు. అబద్ధం చెయ్యకూడదని నిజం చేసేను."

"మరి పెట్టె కొంటావా?"

"కొందాం. నా నడుం తగ్గనీ."

అది ఇంకా తగ్గలేదు. నా వేళ్ళు మాత్రం ఇప్పుడు గిటారుకి సరిగ్గా తయారయ్యాయి. తీగ ఎంత నొక్కినా నొప్పే తెలియదు. నొక్కే ఓపికే లేదు.

అందుచేత మా రాశి దగ్గర పాతిన గునపం సాక్షిగా, రెండు చేతులూ జోడించి ప్రమాణం చేస్తున్నాను: ఇక ఏ వేలికీ గమ్ము రాయను, ఏ పాఠమూ సగం విని కొట్టుకి పరిగెత్తను. అన్నిటికన్నా ముఖ్యంగా, చేయని పనికి ఎవరైనా మెచ్చుకుంటే చచ్చినా ఆయ్ అనను.

"చేత్తావు కదరా?" అని నాన్న అరుగు మీంచి అడుగుతున్నాడు. రేపు వాడపల్లిలో రాశి ఉందట.

"ఆయ్."