సున్నం కింద నంబరు

పక్కింటి తాత పోయాడని అమ్మ ఫోన్ చేసినప్పుడు నేను దుర్గ్‌లో కాలేజీ మెట్లు దిగుతున్నాను. "నిద్దర్లోనే ఎల్లిపోనాడే. మామ్మ టీ ఇచ్చి లేపితే లేవలేదు" అంది. నా నోట్లోంచి మొదట వచ్చిన మాట, "నువ్వు చూశావా?" అమ్మకి కోపం వచ్చింది. "సూడకండా సెప్తానేటే! ఆయన కాళ్ల దగ్గరే కూకున్నాను" అంది. అప్పుడు ఏడ్చాను. బస్సెక్కాక ఏడుస్తూనే కొంచెం నవ్వాను కూడా. ఆ ప్రశ్న నాది కాదు, తాతది. "ఎవులో సెప్పినారని నమ్మీకు. ఏలెట్టి సూడు" అని నా చిన్నప్పట్నుంచి ఆయన చెబుతూ వచ్చాడు. ఆ మాట నాకు ఆయన చావు కబురు దగ్గరే అంత తొందరగా గుర్తొచ్చింది.

మాది భిలాయిలో క్యాంప్ 1. మా ఇంటికీ తాత ఇంటికీ మధ్య ఒకటే గోడ. ఆయన బొబ్బిలి దగ్గర పల్లె నుంచి కుర్రాడిగా వచ్చి, ఉక్కు ప్లాంటు మెషిన్ షాపులో చేరి, అక్కడే రిటైరయ్యాడు. నాకు ఊహ తెలిసేసరికి ఆయన డ్యూటీ ఆదివారాలకి మారింది. పాత స్కూటరో జీపో కొనబోయేవాళ్లు బండిని మా సందు మొదట్లో నిలబెట్టి, "తాతా, జర దేఖ్ లో" అని కేకేసేవారు. బండికి పుట్టుకతో వచ్చిన ఇంజనే ఉందా, మధ్యలో ఎవరైనా మార్చారా అన్నది ఆయన తేల్చాలి. కూలి ఒక గ్లాసు టీ. అదీ వాళ్లు ఇచ్చేది కాదు, మామ్మే కాచి ఇవ్వాలి. "ఊరికి ఉపకారం నీది, గేసు ఖర్చు నాదీనా?" అని మామ్మ ప్రతి ఆదివారమూ అనేది, ప్రతి ఆదివారమూ వచ్చినవాళ్లకి కూడా కలిపి కాచేది.

ఆయన సామానంతా ఒక బిస్కెట్ల డబ్బాలో పట్టేది. కిరసనాయిలు గుడ్డ, తీగల బ్రష్షు, సుద్దముక్క, మెత్తటి పెన్సిలు, చింపి దాచిన క్యాలెండరు కాగితాలు. ఇంజను మీద జిడ్డు తుడిచి, కాగితం అద్ది, పెన్సిల్ని పడుకోబెట్టి రుద్దితే నల్లటి మరకలో నంబరు తెల్లగా తేలేది. అది బండి పుస్తకంలో ఉన్న నంబరుతో కలిసిందంటే ఎవరికైనా పని అయిపోయినట్టే. తాతకి మాత్రం అక్కడ మొదలయ్యేది. కళ్లు మూసుకుని ఆ నంబరు చుట్టూ బొటనవేలు తిప్పేవాడు.

"కంపెనీ నుంచొచ్చిన ఇనుముకి ఒక గరుకుంటాదే. పాత నంబరు అరగదీసినోడు ఆ గరుకు కూడా అరగదీసేస్తాడు. నంబరంటే మళ్లీ కొడతాడు, గరుకెక్కడ్నించి తెస్తాడు?"

తర్వాత అంకెల వరుస చూసేవాడు. అవి మరీ తిన్నగా ఉంటే పెదవి విరిచేవాడు. "కంపెనీలో కొట్టేవోడు పొద్దస్తమానం అదే పని కొడతాడు. సెయ్యి వంకర పోతాది. దొంగ ఒక్కటే కొడతాడు. కూతురి పెళ్లి శుభలేక రాసినట్టు రాస్తాడు."

ఆఖరిది పుట్టినరోజు. పెద్ద బళ్లలో సిలిండర్లుండే పోత ఇనుప దిమ్మని బ్లాకు అంటారు. దాన్ని పోత పోసిన తేదీ దాని ఒంటి మీదే ఉబ్బెత్తుగా ఉంటుంది. ఆ తేదీ బండి తయారైన తేదీ కన్నా ముందుండాలి. వెనక ఉంటే ఆ ఇంజను తర్వాత వచ్చిందే. "పెరుగు తోడుకున్నాక పాలు పితికినానంటే నమ్ముతామేటి?" అనేవాడు.

నాకు ఇవన్నీ ఎలా తెలుసంటే, ఆయన పెరట్లో నాకొక సీటుండేది. కుళాయి పక్కన సున్నం కొట్టిన దిమ్మ ఒకటి, పైన నాపరాయి పలక. మామ్మ బిందె పెట్టనప్పుడు అది నాది. నా చదువంతా హిందీలో సాగింది. తెలుగు అక్షరాలు రెండేళ్ల కిందటే నేర్చుకున్నాను. ఆ దిమ్మ మీద కూర్చుని, దొరికిన ప్రతి తెలుగు కాగితాన్నీ, పచారీ పొట్లంతో సహా, గట్టిగా చదివేదాన్ని. మాటల రుచి అప్పుడప్పుడే తెలుస్తోంది. తొందరలో మొదటి అక్షరం చూసి మిగతా మాట ఊహించేసేదాన్ని. తాత స్కూటర్ల మధ్యలోంచి తలెత్తకుండానే పట్టేసేవాడు. "ఆగు. సదివినావు గానీ సూడనేదు."

పోయిన చలికాలంలో ఒక ఆదివారం దగ్గర్లోని ఉతై ఊరి నుంచి ఒకావిడ వచ్చింది. అక్కడ హార్డ్‌వేర్ షాపు నడుపుతుంది, వాళ్లూ మన తెలుగువాళ్లే. నేను దీదీ అన్నాను. వాళ్ల నాన్న కాంట్రాక్టరు, పోయి చాలా ఏళ్లయింది. ఆయన కుర్రతనంలో కలకత్తా నుంచి తెచ్చుకున్న పాత ఇంగ్లండు స్పోర్ట్స్ కారు ఇప్పటికీ ఉందట. ఎర్రది, రెండే సీట్లు, పైకప్పు లేదు. రాయ్‌పూర్‌లో పాత బళ్ల ప్రదర్శన ఉంది. ఒరిజినల్ ఇంజనున్న కార్లకి అందులో వేరే వరుస. నాన్న బండిని ఆ వరుసలో నిలబెట్టాలని దీదీ కోరిక. అందుకు ఇంజను సంగతి తెలిసిన పెద్దమనిషి సంతకం కావాలి.

"నాన్న బతికున్నన్నాళ్లూ చెప్పేవాడు కాకా, ఇంజను అసలుదేనని. మీరొకసారి చూసి రాసిస్తే చాలు" అంది.

తాత "మీ నాన్నెవరమ్మా?" అని అడిగాడు. ఆమె చెప్పింది. ఆయన నీళ్లు తాగొస్తానని లోపలికెళ్లి చాలాసేపు రాలేదు. వచ్చాక, మోకాలు నొప్పి, వచ్చే వారం చూద్దామన్నాడు. వచ్చే వారం చలి అన్నాడు. ఆ రెండు ఆదివారాలూ స్కూటర్ల ముందు మాత్రం గొంతుక్కూర్చుని బాగానే లేచాడు. నాకు ఆశ్చర్యమేసింది. మూడో వారం మామ్మ బిస్కెట్ల డబ్బా ఆయన చేతిలో పెట్టి, "ఎల్లు. ఎన్నాళ్లు దాక్కుంతావు?" అంది.

ఉతైలో షెడ్డు తలుపు తీయగానే నేను బండి చుట్టూ మూడుసార్లు తిరిగాను. తాత ఒక్కసారి కూడా తిరగలేదు. "నువ్వే సూడు. ఇన్నాళ్లూ సూసినావు కదా" అని డబ్బా నాకిచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. నేను తుడిచాను, కాగితం అద్దాను, రుద్దాను. నంబరు తేలింది. బండి పుస్తకం తెరిచి ఒక్కొక్క అంకే పోల్చాను. అన్నీ కలిశాయి.

"పక్కా! అసలీ!" అని అరిచాను. దీదీ చప్పట్లు కొట్టి, "దూద్‌పేడాలు తెప్పిస్తానుండు" అంటూ లేచింది.

"ఆగండి" అన్నాడు తాత. "సదివినావు గానీ సూడనేదే, పిల్లా."

బొటనవేలు పెట్టాను. నంబరు చుట్టూ అద్దంలా నునుపు. పక్కకి జరిపితే గరుకు. అప్పుడు అంకెల కేసి చూశాను. స్కేలు పెట్టినట్టు ఒకటే గీత మీద నిలబడ్డాయి. బ్లాకు అవతలి వైపు బ్రష్షు పెట్టి తోమితే పోత పోసిన తేదీ కనిపించింది. కారు పుట్టిన రెండేళ్లకి గానీ ఆ ఇంజను పుట్టలేదు.

దీదీ ముఖం ఎర్రబడింది. "ఏ దొంగ వెధవ చేశాడు కాకా ఈ పని? నాన్నని ఇన్నాళ్లూ మోసం చేశాడు!"

"ఆ దొంగెదవని నానేనమ్మా" అన్నాడు తాత.

తర్వాత ఆయన నెమ్మదిగా చెప్పాడు. వాళ్ల నాన్నా, ఆయనా కుర్రతనంలో దోస్తులు. ఒక మే నెల మధ్యాహ్నం ఇద్దరూ ఈ బండిలో దుర్గ్ నుంచి వస్తుంటే రేడియేటరు ఎండిపోయి ఇంజను నిప్పుకణికలా కాగిపోయింది. వాళ్ల నాన్న చల్లారేదాకా ఆగుదామన్నాడు. తాత వినలేదు. రోడ్డు పక్క బావిలోంచి బకెట్టుడు నీళ్లు తోడి దాని మీద కుమ్మరించాడు.

"ప్లాంటులో ఎర్రగా కాలిన ఉక్కు మీద నీల్లు కొట్టడం రోజూ సూస్తన్నాను కదా. బుస్సుమంతాది, ఏటీ అవదు. ఇదీ అంతే అనుకున్నాను. ఉక్కు ఓర్సుకుంతాది గానీ పోతినుము ఓర్సుకోదని నాకేటెరుక? టప్‌మని బ్లాకు పగిలిపోనాది."

కలకత్తా నుంచి అలాంటిదే మరో బ్లాకు తెప్పించారు. కాగితాలు మార్చే తలనొప్పి ఎందుకని, పాత నంబరుని కొత్త బ్లాకు మీద తాతే కొట్టాడు, తన చేత్తో, మెషిన్ షాపు వాడి పనితనమంతా పెట్టి. "కంపెనీవోడి కన్నా నానే బాగా కొట్టినాను. అదే పట్టించేసినాది" అని నవ్వబోయి ఆగిపోయాడు. ఆ తర్వాత ఆయనే ఉతై వెళ్లడం మానేశాడు. దోస్తు రెండుసార్లు క్యాంపుకి వచ్చాడు. రెండుసార్లూ లేనని చెప్పించాడు. "ఆడు ఒక్క మాట అననేదమ్మా. అని ఉంటే బాగుండును."

నేను దీదీ వైపు చూడలేకపోయాను. ఆమెకి వరుస పోయింది, నాన్న మాట కూడా పోయింది. కానీ ఆమె బానెట్ మీద చెయ్యేసి నిలబడి, ఉన్నట్టుండి నవ్వింది.

"ఎవరైనా ఇంజను సంగతి ఎత్తితే నాన్న ఏమనేవాడో తెలుసా కాకా? 'మా దోస్త్ చూసి చెప్పాడు, పక్కా' అనేవాడు. ఏ దోస్త్ నాన్నా అంటే ఇలాగే నవ్వేవాడు. ఒక్కసారీ చెప్పలేదు."

తాత కండువాతో ముఖం తుడుచుకున్నాడు. కిరసనాయిలు గుడ్డతో తుడుచుకోనందుకు సంతోషించాను, రెండూ ఒకే భుజం మీదున్నాయి.

"మరి అసలు ఇంజను ఏమైంది?" అని దీదీ అడిగింది. ఆయన గడ్డంతో నన్ను చూపించాడు. "ఈ గుంట దాని మీదే కూకుని సదూకుంతాది."

ఆ సాయంత్రం ముగ్గురం పెరట్లో దిమ్మ పక్కన చేరాం. పలక దించి, చాకుతో సున్నం గీకాను. ప్రతి ఏడూ తాత తన చేత్తో వేసిన పొరలు. తెలుపు, నీలి తెలుపు, మళ్లీ తెలుపు. అడుగున ఇనుము. నేను కాళ్లు ఆనించుకునే వైపు జుట్టంత సన్నటి పగులు. దాని పైన, గరుకు మీద, వంకర వరుసలో అదే నంబరు. ఏడు అంకె పక్కకి ఒరిగి ఉంది. ఇంత అందమైన రాత నేను చూడలేదు. కాగితం పట్టుకోమంటే తాత రెండు బొటనవేళ్లతో నొక్కి పట్టాడు, నేను రుద్దాను. మామ్మ వెనకనుంచి, "నా బిందె ఇప్పుడెక్కడ ఎట్టుకోవాలి?" అంది.

దీదీ బండిని రాయ్‌పూర్ తీసుకెళ్లింది, మామూలు వరుసలో. పక్కన ఒక బల్ల మీద పగిలిన బ్లాకు. దానికొక బోర్డు కావాలంది, రాసే పని నాకిచ్చారు. నేను ఒక పేజీ రాశాను. అందులో కాలగర్భం ఉంది, మౌనసాక్షి ఉంది, స్నేహసౌరభం కూడా ఉంది. తాత శ్రద్ధగా విన్నాడు. "బాగుంది. మరీ తిన్నగా ఉంది" అన్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను. ఇద్దరం కూర్చుని కొట్టేసుకుంటూ పోతే ఇంతే మిగిలింది:

"ఈ బండిలో ఉన్నది అసలు ఇంజను కాదు. అసలుది ఈ బల్ల మీద ఉంది. నీళ్లు పోసి పగలగొట్టినవాడు పక్కన నిలబడి ఉన్నాడు."

మూడో వాక్యం ఆయనదే. నేను వద్దన్నాను. ప్రదర్శనలో జనం బోర్డు చదివి, "కౌన్? కౌన్ హై?" అని అటూ ఇటూ చూస్తుంటే, ఆయన బడిపిల్లాడిలా చెయ్యెత్తేవాడు. చాలామంది వచ్చి ఆ చేత్తో చెయ్యి కలిపారు. బహుమతి వేరే బండికి వచ్చింది. జనం మాత్రం మా దగ్గరే ఉన్నారు. తిరుగు ప్రయాణంలో దీదీ ఆయన్ని ఆ రెండో సీట్లో కూర్చోబెట్టుకుని తెచ్చింది. ఆయన దారి పొడుగునా ఇంజను వేడి చూపించే ముల్లు మీదనుంచి కన్ను తీయలేదట.

ఆ తర్వాత ఆయన ఎక్కువ రోజులు లేడు. నంబరు తేలిన ఆ క్యాలెండరు కాగితం నా దగ్గరుంది. దాని రెండు అంచుల్లోనూ పెన్సిల్ నలుపులో ఆయన బొటనవేళ్ల గీతలు పడ్డాయి.

దీదీ పగిలిన బ్లాకుని బండి పక్కనే పెట్టుకుంది. పెరట్లో కుళాయి దగ్గర, దిమ్మ ఉన్న చోట, నేల మీద పాత మట్టిరంగు నలుచదరం ఒకటి మిగిలింది. చుట్టూ ఏళ్ల తరబడి కారిన సున్నం దానికి అంచు కట్టింది. పెద్దకర్మ ముందురోజు ఇల్లంతా సున్నం వేయాలన్నారు. మామ్మ ఎవరినీ ముట్టుకోనివ్వలేదు, కుంచె తానే పట్టింది. గోడంతా వేసుకుంటూ, నేలకి జారిన చుక్కలు కూడా కలిపి పూసుకుంటూ వచ్చింది. ఆ నలుచదరం దగ్గరికి వచ్చేసరికి ఒక్క క్షణం ఆగింది. లోపల చుక్క పడకుండా కుంచెని దాని అంచు వెంబడే మెల్లగా తిప్పుకుని, అవతలి వైపు నుంచి మళ్లీ మొదలుపెట్టింది.