కుడిచెయ్యి ఎత్తితే వచ్చినట్టు

చైనాలోని షావోయాంగ్ ఊళ్లో వృత్తివిద్య బడి పిల్లలంటే అందరికీ లోకువే. పరీక్షలో మార్కులు రాక, ఇంకెక్కడా సీటు దొరక్క వచ్చినవాళ్లని పేరు. గరిటె తిప్పడం నేర్పితే చాలదా, వీళ్లకి ఇంగ్లీషు కూడానా అని తోటి టీచర్లే సణిగేవాళ్లు. ఆ మాట వింటే తాన్ పేయ్‌లాన్ టీచరుకి ఒళ్లు మండిపోయేది. రేపు పెద్ద హోటల్లో అతిథుల ముందు నిలబడి నీళ్లు నమలాలా వీళ్లు, అని గయ్యిమని లేచేది.

ఇరవై ఎనిమిదేళ్లుగా వంట తరగతికి ఆవిడే ఇంగ్లీషు చెబుతోంది. పిల్లలు ప్రతి ఇంగ్లీషు మాట కిందా చైనా అక్షరాలు రాసుకుని, వాటినే గడగడా చదివేసేవాళ్లు. ఆవిడ ఎర్రపెన్నుతో కొట్టేసేది, వాళ్లు మళ్లీ రాసుకునేవాళ్లు. అన్నిటికన్నా కష్టం, థ్యాంక్యూలో మొదటి ధ్వని. నాలుక కొస పళ్ల మధ్య పెట్టాలి. పెద్దవాళ్ల ముందు నాలుక బయటపెట్టడమా? పిల్లలు సిగ్గుతో చచ్చిపోయేవాళ్లు. చివరికి ఆవిడకో ఉపాయం తట్టింది. పొద్దుతిరుగుడు గింజలు కొరికి, పొట్టును నాలుకతో బయటికి తోయడం ఆ ఊళ్లో పుట్టినవాళ్లకి ఎవరూ నేర్పక్కర్లేదు. తరగతిలో గింజలు తినరాదని గోడ మీద బోర్డుంది. దాని కిందే నిలబడి గింజలు పంచింది. పొట్టు తోసినట్టే తొయ్యండి, గాలి వదలండి, అంతే అంది. నెల్లాళ్లు గది నిండా పొట్టే. ఊడ్చుకున్నదీ ఆవిడే.

ఆ గింజలు అందరి నోళ్లూ తెరిపించాయి గాని, ఫాన్ ఝెన్‌రూ అనే పిల్ల నోరు మాత్రం తెరిపించలేకపోయాయి. పాత బడిలో ఎవరో మహానుభావుడు ఆ పిల్ల చదివే తీరును వెక్కిరించి తరగతి చేత నవ్వించాడట. అప్పట్నుంచి ఇంగ్లీషంటే పెదవులు బిగించేసింది. టీచరు రెండేళ్లు బతిమాలింది, కసిరింది, వంటగదిలో పక్కన నిలబడి ముల్లంగి తరుగుతూ ఒక్కో మాటా అందించింది. ఊహూ.

ఇంతలో ప్రదర్శన పాఠం వచ్చిపడింది. నగరం నుంచి పరీక్షకులొచ్చి వెనక బల్లల మీద కూర్చుంటారు. వాళ్లకి నచ్చితే టీచరుకి పై గ్రేడు ఇస్తారు. ఇప్పటికే రెండుసార్లు తప్పింది, రిటైరయ్యేలోగా ఇదే ఆఖరి అవకాశం. తన తర్వాత చేరినవాళ్లంతా తనకన్నా పైన కూర్చుంటే మనిషన్నాక మనసుకి బాధుండదా? ఆవిడకి ఆ గ్రేడు కావాలి. అందుకే అక్కడి టీచర్లంతా చేసేదే తనూ చేసింది. ప్రశ్న అడగ్గానే అందరూ చెయ్యెత్తాలి. జవాబు వచ్చినవాళ్లు కుడిచెయ్యి, రానివాళ్లు ఎడమచెయ్యి. ఎడమచెయ్యి ఎత్తినవాళ్లని చచ్చినా లేపనని మాటిచ్చింది. నాలుగుసార్లు రిహార్సల్ చేశారు. నాలుగుసార్లూ ఝెన్‌రూ ఎత్తింది ఎడమచెయ్యే.

ఆ రోజు రానే వచ్చింది. పాఠం సాఫీగానే మొదలైంది. అతిథికి వడ్డిస్తూ చెప్పాల్సిన వాక్యం ఎవరు చెబుతారనగానే నలభై మూడు చేతులు లేచాయి. మూడో వరసలో ఝెన్‌రూ కుడిచెయ్యి ఎత్తి ఉంది. కంగారులో చేతులు తారుమారు చేసుకుంది కాబోలు పాపం, అనుకుంది టీచరు. చూడనట్టే తరగతి లీడర్ని లేపింది. అతను టకటకా చెప్పేసి కూర్చున్నాడు.

తర్వాతి వాక్యానికి మళ్లీ అదే కుడిచెయ్యి. ఈసారి ఎడమచేత్తో మోచెయ్యి పట్టుకుని మరీ ఎత్తింది. తారుమారు కాదు. ఆవిడ గడియారం చూసింది. పన్నెండు నిమిషాలే ఉన్నాయి, పాఠంలో ఇంకా రెండు భాగాలు మిగిలాయి. మళ్లీ తలెత్తేసరికి ఆ చెయ్యి కొద్దికొద్దిగా కిందికి దిగుతోంది.

"ఝెన్‌రూ, నువ్వు చెప్పు" అంది.

పిల్ల లేచింది. లేచి అలాగే నిలబడింది. పరీక్షకుల్లో ఒకాయన దగ్గాడు. టీచరు అందరి ముందూ నాలుక కొస పళ్ల మధ్య పెట్టి, ఇలా, ఇలా అన్నట్టు కదలకుండా ఎదురుచూసింది. ఝెన్‌రూ మొదలుపెట్టింది, ఆగింది, మళ్లీ మొదటికొచ్చింది. ఐదోసారికి వాక్యం మొత్తం చెప్పింది. రెండు చోట్ల తప్పింది గాని, గొంతు వెనక బల్లల దాకా వినబడింది.

పిల్ల కూర్చోలేదు. "ఇంకోసారి చెప్పనా టీచర్?" అంది.

"చెప్పమ్మా."

చెబుతుండగానే గంట కొట్టారు.

పాఠం పూర్తి చెయ్యలేదని రాసి పోయారు పరీక్షకులు. గ్రేడు ఇవ్వడం లేదని నెల తర్వాత కాగితం వచ్చింది. పక్క గది లెక్కల మేష్టారు ఛియూ అది చదివి నెత్తి బాదుకున్నాడు. ఇన్నేళ్ల అనుభవం ఉండి ఇదేం పని అక్కా, ఆ లీడర్నే మళ్లీ లేపితే నీ సొమ్మేం పోయింది అన్నాడు.

తాన్ టీచరుకి ఏడుపొచ్చింది. దాచుకోలేదు. ముక్కు తుడుచుకుని అంది:

"నోరు విప్పవే తల్లీ అని రెండేళ్లు దాని వెంటపడ్డాను ఛియూ. విప్పిన పూట, ఇప్పుడు కాదు కూర్చో అననా?"