ఇప్పవాగులో పోసిన ఉప్పు

గొంతు గరగరలాడుతోందని ఈ పొద్దున మా ఆవిడ గోరువెచ్చని నీళ్లలో చిటికెడు ఉప్పు వేసి ఇచ్చింది. చిటికెడు కూడా కాదు. ఉందో లేదో తేల్చుకోవడానికి రెండోసారి నోట్లో పోసుకోవాల్సినంత. పుక్కిలించడం మానేసి ఆ నీళ్లను నాలుక మీద ఆడిస్తూ నిలబడిపోయాను. "పుక్కిలించమంటే ఆలోచిస్తారేంటి?" అంది. దేవసహాయం సారు గుర్తొచ్చారని చెప్పలేదు. ఆ పేరు ఎత్తితే మా ఇంట్లో ఈనాటికీ మొహాలు ముడుచుకుంటాయి.

ఆయన మా నీటిపారుదల సెక్షన్‌కు ఇంజనీరు. నేను ఆయన కింద వర్క్ ఇన్‌స్పెక్టర్‌ని. సారు కల్లూరు వైపు మనిషి. సన్నగా, పొడుగ్గా, దవడలో ఎప్పుడూ పొగాకుతో ఉండేవారు. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి రోజూ డైరీ రాయడం నా అలవాటు. ఆ ఏళ్ల డైరీలు తిరగేస్తే ఆయన మీద విసుగు తప్ప మరొకటి పెద్దగా కనిపించదు. ఒక పూటలో తేలిపోయే పనిని వారాల తరబడి సాగదీసేవారు. మ్యాపు ఎదురుగా పరిచి ఉన్నా, "అది గీసినోడు జీపుల కూసొని గీసిండు" అని పక్కన పెట్టేసేవారు.

చండ్రుగొండ దాటాక అడవి గుట్టల్లో పుట్టే ఇప్పవాగు చాలా చిన్నది. వానాకాలంలో నడుముల్లోతున ఎర్రగా ఉరికి, చలికాలానికి చీలమండల దాకా దిగి, ఎండలు ముదిరేసరికి ఉత్త ఇసుకగా మిగిలిపోయేది. దాని ఒడ్డునే మా మామగారి పొలం. కోస్తా నుంచి వచ్చి, ఉన్నదంతా పెట్టి కొన్న చేను. చివరి కోతలు రాకముందే బావి అడుగంటి, ఏటా మిరప మాడిపోయేది. వాగుకు అడ్డంగా, ఇసుక కింద బండ తగిలే దాకా గోడ కడితే బావుల్లో నీళ్లు నిలుస్తాయని ఆయనా, చుట్టుపక్కల రైతులూ అర్జీ పెట్టుకున్నారు. సారు సంతకం ఒక్కటే మిగిలింది. చిక్కల్లా, గోడ కట్టే చోటికి కాస్త దిగువన ఒక కోయగూడెం ఉంది. వాళ్లు వేసవంతా వాగు ఇసుకలో చెలమలు తవ్వుకుని, ఆ గుంతల్లో ఊరిన నీళ్లే తాగుతారు. అవి వాగు నీళ్లే అయితే, గోడ కట్టగానే చెలమలు ఎండిపోతాయి. ఆ ఊట పక్క గుట్ట నుంచి వస్తుందని, వాగుకు సంబంధమే లేదని మామగారి వాదన. నాకూ అలాగే అనిపించేది.

సారు సంతకం పెట్టలేదు. వాగు మొత్తం నడుద్దామన్నారు. అదీ పుట్టిన చోటు నుంచి కిందికి కాదు, పెద్దవాగులో కలిసే చోటు నుంచి పైకి. ఒడ్డున కాదు, వాగులోనే. "గట్టు మీద నడిస్తే సులువు కదా సారూ" అన్నాను. "గట్టుకేం తెలుస్తదయ్యా. పైనుంచి దిగితే వాగే నిన్ను గుంజుకపోతది. ఎదురు పోతెనే ప్రతి పాయ కాడ ఆగి చూస్తవ్" అన్నారు. అలాగే ఆగారు, ప్రతి పాయ దగ్గరా. ఏ పాయ నీళ్లు చల్లగా ఉన్నాయో కాలితో చూసి, ఇసుక పిడికిట్లోకి తీసి నలిపి, మళ్లీ వెనక్కి వచ్చి ఇంకోసారి చూసేవారు. దారిలో నీళ్లు ఇసుకలోకి మాయమై, చాలా దూరం తర్వాత రాళ్ల మధ్య మళ్లీ తేలాయి. "చూసినవా, మునిగి తేల్తుంది" అని ఆయన మురిసిపోయారు. నాకు ఆకలి వేస్తోంది, బూట్ల నిండా ఇసుక.

గూడెం చేరాక ఒక బస్తా గళ్లుప్పు తెమ్మన్నారు. సైకిల్ మీద తెచ్చాను. గోడ కట్టాల్సిన చోట గుంత తవ్వించి, ఉప్పంతా నీళ్లలో కలిపి అందులో పోయించారు. "ఇగ చెలమ కాడ రుచి చూసుకుంట ఉండుడే. వాగు నీళ్లయితే ఉప్పు దిగొస్తది, గుట్ట నీళ్లయితే రాదు."

"ఎన్నాళ్లు సారూ?"

"తేలిందాక."

గూడెం బడి వసారాలో మకాం. పొద్దునా సాయంత్రం చెలమ పక్కన కూర్చుని నీళ్లు చప్పరించడమే నా డ్యూటీ. మీరూ ఒకసారి చూడండి సారూ అంటే, "పొగాకుతోటి నా నాలుక సచ్చిపోయింది. ఉప్పయినా చక్కెరయినా ఒక్కటే" అన్నారు. ఇంత తతంగమూ నా ఒక్కడి నాలుక మీద నిలబెట్టారన్నమాట. నీళ్లు చప్పగా తగిలిన ప్రతిసారీ లోలోపల దండం పెట్టుకున్నాను. ఇంకొక్క రోజు ఇలాగే గడిస్తే గోడ వస్తుంది, మామగారి చేను బతుకుతుంది.

గడవలేదు. మర్నాడు నీళ్లు ఉప్పుందో లేదో అన్నట్టు తగిలాయి. మళ్లీ పోసుకున్నాను, ఇంకోసారి కూడా. సారు పక్కనే గొంతుక్కూర్చుని, "ఏందయ్యా?" అన్నారు. ఆయనకు తెలిసే దారి లేదు. "ఉప్పగా ఉంది" అన్నాను, ఆయన మీద కోపంతోనే.

శభాష్ అనలేదు. "అది మీ మామ చేనని నాకెరుకే" అన్నారు.

"తెలిసే నా చేత రుచి చూపించారా?"

"వేరేటోడు చెప్తే మీ మామ నమ్మడు. నువ్ చెప్తే నమ్ముతడు."

అంతలో గూడెంలోంచి ముత్తమ్మ అనే పెద్దావిడ కుండ చంకన పెట్టుకుని వచ్చింది. "ఓ సారూ, నీ పుణ్యాన మా జావల ఉప్పేసే పని తప్పింది. రేపు ఇంత కారం గూడ పోయరాదు" అని దెప్పింది. సారు పొగాకు ఉమ్మేసి నవ్వారు. నేను అబద్ధం చెప్పి ఉంటే ఆ క్షణంలోనే దొరికిపోయేవాణ్ణి. అంత దూరం ఆయన ముందే ఆలోచించారేమో అడగలేదు. అడిగితే ఇంకా ఒళ్లు మండేది.

గోడ గూడేనికి దిగువకు, మామగారి చేనుకు దూరంగా జరిగింది. మామగారి బావిలో చుక్క పెరగలేదు. మిరప మానేసి కంది వేసుకున్నారు. "ఆ ఒక్క పూట మీకు జలుబు చెయ్యకూడదా" అని మా ఆవిడ ఎన్నాళ్లో సాధించింది. మామగారు గొడవ పడలేదు. ఏటా వేసవి రాగానే, భోజనాల దగ్గర, "నిజంగా ఉప్పగానే ఉందంటావా అల్లుడూ?" అని అడిగేవారు. "ఉప్పగానే ఉంది మామయ్యా" అనేవాణ్ణి. అంతే, మజ్జిగ పోసుకునేవారు. సారు బదిలీ అయ్యాక, చనిపోయాక కూడా ఆ ప్రశ్న ఆగలేదు. చివరి ఏడు మామగారు మంచం మీది నుంచి అడిగారు. అదే చెప్పాను. "ఎన్నిసార్లడిగినా మారదేం. సర్లే, ఆ గూడెం వాళ్లు తాగారుగా" అన్నారు.

ఇప్పటికీ నన్ను ఎవరైనా ఏదైనా అడిగితే, నా జవాబు ఎవరికి దెబ్బో ముందే తెలిసిపోతుంది. తెలిశాక కూడా ఉన్నదే చెప్తాను. అందుకే బంధువులు నన్ను హద్దు తగాదాలకు సాక్షిగా పిలవరు, పెళ్లిచూపులకు వెంట తీసుకెళ్లరు. ఇలాంటి అలవాటు అంటించి, ఒక్క మంచి మాటైనా అనకుండా పోయారు దేవసహాయం సారు. ఆయన మీద నాకు ఇంకా కోపమే.