ఇసుక సంచి కట్టిన కాలు

డెబ్బైల నాటి మాట. మా అమ్మ మోకాలి చిప్పలో నొప్పి నాలుగేళ్లుగా తిష్ఠ వేసింది. కంకిపాడు చర్చిలో అందరూ మోకరిస్తే అమ్మ ఒక్కతే బెంచీ మీద కూర్చుండిపోయేది. ఆపరేషన్ చేయించాలని నేనే పట్టుబట్టి, గవర్నర్‌పేటలో ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను.

"కోయడం నాకేం కష్టం కాదమ్మా. కోస్తే ఈ నొప్పి పోతుందని మాత్రం మాటివ్వలేను," అన్నాడాయన. చీలమండకు చిన్న ఇసుక సంచి కట్టుకుని, కుర్చీలో కూర్చుని కాలు చాపి, పది లెక్కపెట్టేదాకా దించొద్దన్నాడు. కత్తి పట్టనివాడు డాక్టరేమిటని నాకు ఒళ్లు మండింది.

అమ్మ మాత్రం రోజూ పొద్దున్నే కాలు చాపేది. కాలు వణికేది, పెదవులు కదిలేవి. పది అంకెలకు ఇంతసేపా అని విస్తుపోయేదాన్ని.

ఆరు నెలల తర్వాత, ఆయన గదిలో గచ్చు మీద మోకరించి, దేన్నీ పట్టుకోకుండా లేచింది అమ్మ. డాక్టరు కూడా కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"పదే లెక్కపెట్టారా అమ్మా?"

"అంకెలు నాకు తప్పిపోతాయండీ. పరలోక ప్రార్థన మొదలుపెట్టి, ఆమేన్ అన్నాకే దించేదాన్ని."